పిల్లల ఆటలు, ఆఫీసు, ఇల్లు: వారాంతం చేజారకుండా చూసుకోవడం ఎలా?

మా చిన్నదాని నోట్‌బుక్‌లో ఒక పేజీలో అక్షరాలన్నీ వంకరటింకరగా ఉన్నాయి. కింద టీచర్ ఎర్ర సిరాతో "కుదురుగా కూర్చుని రాయి" అని రాశారు. ఏమైందే అని అడిగితే, "కార్లో రాశానమ్మా, అన్నయ్య మ్యాచ్‌కి వెళ్తున్నప్పుడు" అంది. వెనక పేజీలు తిప్పితే అలాంటివే ఇంకో నాలుగు కనిపించాయి. అన్నీ సోమవారం ఇవ్వాల్సిన హోంవర్కులే.

అప్పటికి మా పెద్దవాడికి పన్నెండేళ్లు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వారంలో మూడు రోజులు ప్రాక్టీస్, శనివారమో ఆదివారమో మ్యాచ్. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్థులమే. వాడి ఆట బాగా సాగుతోంది, మేమూ ఎలాగోలా నెట్టుకొస్తున్నాం, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ ఆట కోసం ఇంట్లో ఎవరెవరు ఎంతెంత వదులుకుంటున్నారో ఆ పేజీ చూసేదాకా నాకు తట్టలేదు. అందరికంటే ఎక్కువ వదులుకుంటున్నది అసలు ఏ ఆటా ఆడని ఎనిమిదేళ్ల పిల్ల.

తర్వాత మూడు సీజన్ల పాటు మేం మార్చుకుంటూ, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ ఒక పద్ధతికి వచ్చాం. దాని అసలు సూత్రం చిన్నదే. ఇంటికి కావాల్సిన పూటను క్యాలెండర్‌లో అన్నిటికంటే ముందు రాయాలి. అన్నీ అయ్యాక మిగిలింది ఇంటికి అనుకుంటే ఏమీ మిగలదు. కానీ ఆ పూట రాయాలంటే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వరసగా చెప్తాను.

1. రెండు వారాలు గంటలు రాయండి

ఏదీ మార్చకండి. రెండు వారాల పాటు ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాస్తూ పోండి, అంతే. ఫోన్‌లో రాసినా సరే, ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద రాసినా సరే.

ఇక్కడ అందరం చేసే పొరపాటు ఒకటుంది. ప్రాక్టీస్ గంటన్నర అంటే గంటన్నరే అనుకుంటాం. మా ఇంట్లో ఒక మామూలు ప్రాక్టీస్ రోజు ఇలా తేలింది: బ్యాగ్ సర్ది బయల్దేరడానికి 20 నిమిషాలు, పోను 35, రాను 35, ముందుగా చేరి ఎదురుచూడటం 15, ఆట 90, ఇంటికొచ్చాక స్నానం, మట్టి బట్టలు నానబెట్టడం 25. మొత్తం 220 నిమిషాలు, అంటే 3 గంటల 40 నిమిషాలు. వారానికి మూడుసార్లంటే 11 గంటలు. ఇది మ్యాచ్ కలపకుండా.

మ్యాచ్ సంగతి ఇంకా వేరు. ఆట గంటే. కానీ 45 నిమిషాల ముందే రమ్మంటారు. గ్రౌండ్ గంట దూరంలో ఉంటే రానూపోనూ రెండు గంటలు. అయ్యాక పిల్లలు కబుర్లు ముగించి కదలడానికి అరగంట. గంట ఆటకి నాలుగు గంటలు దాటిపోతాయి. ఒక పూట పూర్తిగా పోయినట్టే.

రాసేటప్పుడు మూడు విషయాలు తప్పకుండా ఉండాలి. ఎవరు తీసుకెళ్లారు? ఆ సమయంలో మిగతా ఇంటివాళ్లు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు? ఆఫీసు పని ఇంటి సమయంలోకి ఎంత వచ్చింది? రెండో ప్రశ్నను వదిలేయకండి. మా చిన్నది రెండు వారాల్లో తొమ్మిది గంటలు కార్లోనూ గ్రౌండ్ పక్కనా గడిపిందని ఆ ప్రశ్న వల్లే తెలిసింది. మూడోదానికి నిజాయితీ కావాలి. గ్రౌండ్ పక్కన నిలబడి ఈమెయిల్‌కి జవాబిచ్చిన పది నిమిషాలు కూడా పనే. రాయండి.

2. ఎంత ఆట చాలో తెలుసుకోండి

"ఇంకో ప్రాక్టీస్ పెడితే మంచిదేమో" అనే ఆలోచన మనల్ని నిలవనివ్వదు. పక్క పిల్లాడు నాలుగు రోజులు వెళ్తున్నాడంటే మనవాడు వెనకబడతాడని టెన్షన్. ఈ విషయంలో డాక్టర్లు చెప్పేది తెలిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట కావాలి. అది కోచింగే అవ్వాలని లేదు. సైకిల్ తొక్కడం, పక్కింటి పిల్లలతో పరుగులు, అమ్మానాన్నలతో కలిసి చురుగ్గా నడవడం కూడా లెక్కలోకే వస్తాయి. అంటే ప్రాక్టీస్ లేని రోజు ఆట లేని రోజు కానక్కర్లేదు. కుటుంబమంతా కలిసి ఆడుకుంటే ఇంటి పూటా గడుస్తుంది, ఆటా అవుతుంది.

ఇక ఎక్కువైతే ఏమవుతుందో చూద్దాం. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు వారానికి ఒకటి రెండు రోజులు కోచింగ్‌కీ పోటీలకీ పూర్తిగా సెలవు ఉండాలంటారు. పిల్లలు ఒకే ఆట మీద ఉంటే, ఆ ఆటకి ఏడాదిలో మొత్తం మూడు నెలలు విరామం ఇవ్వమంటారు. మూడూ వరసగా అక్కర్లేదు, నెల చొప్పున విడదీసి ఇచ్చినా సరిపోతుంది. పదిహేను, పదహారేళ్లు వచ్చేదాకా ఒకే ఆటకి కట్టుబడిపోకుండా రెండు మూడు ఆటలు ఆడనిస్తేనే చాలామంది పిల్లలకు మేలని కూడా వాళ్ల మాట. ఇంకో లెక్క చాలామంది డాక్టర్లు వాడతారు: వారంలో శిక్షణ గంటలు పిల్లల వయసు దాటకూడదు. పదేళ్ల పిల్లకి పది గంటలు. అంతకు మించితే అతిగా ఆడటం వల్ల వచ్చే దెబ్బలు పెరుగుతాయి.

ఎదిగే వయసులో ఎముకల చివర ఇంకా మెత్తగా ఉంటుంది. పరుగులు, గెంతులు ఎక్కువైతే అక్కడ నొప్పి మొదలవుతుంది. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి ఇలా వచ్చేవే చాలా ఉంటాయి. "ఆడితే అదే పోతుంది" అని పంపకండి, డాక్టర్‌కి చూపించండి. తలకి దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ గ్రౌండ్‌లోకి దిగనివ్వకూడదు. పిల్లలు బతిమాలినా, కోచ్ ఫర్వాలేదన్నా సరే.

నిద్ర లెక్క కూడా చూసుకోండి. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలి. రాత్రి ప్రాక్టీస్ నుంచి తొమ్మిదింటికి ఇల్లు చేరి, తెల్లారి ఆరింటికి లేవాలంటే ఆ లెక్క ఎలా కుదురుతుందో ముందే వేసి చూడండి.

నార్వేలో పిల్లల క్రీడలకు దేశమంతటికీ ఒకే నియమావళి ఉంది. పదకొండో ఏడు వచ్చేదాకా అక్కడి పిల్లల పోటీల్లో ర్యాంకులు, పాయింట్ల పట్టికలు పెట్టరు. ఆ దేశమేమో శీతాకాల ఒలింపిక్స్‌లో అందరికంటే ఎక్కువ పతకాలు గెలిచిన దేశం. తొమ్మిదేళ్ల పిల్లాడు ఒక ఆదివారం మ్యాచ్ మానేస్తే వాడి భవిష్యత్తు పోతుందేమోనన్న భయం వేసినప్పుడల్లా నేను ఈ సంగతి గుర్తు చేసుకుంటాను.

3. పిల్లల్ని అడగండి, కానీ కార్లో కాదు

ఓడిపోయి వస్తున్నప్పుడు "నీకు అసలు ఇష్టమేనా?" అని అడిగితే నిజమైన జవాబు రాదు. గెలిచినప్పుడూ రాదు. మ్యాచ్ లేని రోజు, ఏదైనా పని చేసుకుంటూ, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు అడగండి. నేను బట్టలు మడతపెడుతూ అడిగాను.

"ఇష్టమా, కాదా" అని కూడా అడగకండి. అలా అడిగితే పిల్లలు మనకి నచ్చే జవాబు చెప్తారు. వారంలో ఏ రోజు ప్రాక్టీస్ కోసం ఎదురుచూస్తావు? ఏ రోజు లేకపోతే బాగుండు అనిపిస్తుంది? ఒక్క నెల ఆట లేకపోతే దేన్ని మిస్ అవుతావు? ఇలాంటివి అడిగితే మాట బయటికొస్తుంది.

మా వాడి జవాబు నన్ను నిలబెట్టేసింది. మంగళ, గురువారాల ప్రాక్టీస్ వాడికి ఇష్టం, స్నేహితులంతా అక్కడే ఉంటారు. మ్యాచ్‌లూ ఇష్టమే. ఆదివారం ఉదయం విడిగా పెట్టించిన కోచింగ్ మాత్రం వద్దు. "నీకు ఇష్టమనుకుని వెళ్తున్నానమ్మా" అన్నాడు. వాడికి కావాలనుకుని నేను, నాకు కావాలనుకుని వాడు, ఏడాది పాటు ఆదివారం ఉదయాలు ఇద్దరం పోగొట్టుకున్నాం. ఆ వారమే అది మాన్పించాం.

ఆడని పిల్లల్నీ అడగాలి. తమ్ముడో చెల్లెలో ఉంటే, "అన్నయ్య ఆటకి వెళ్లినప్పుడు నువ్వేం చేయాలనుకుంటున్నావు?" అని అడగండి. మా చిన్నది "నాన్నతో ఇంట్లో ఉంటా" అంది. కోరింది అంతే. అప్పట్నుంచి మ్యాచ్‌కి ఒకళ్లమే వెళ్తున్నాం, వారం విడిచి వారం మారుతూ. ప్రతి మ్యాచ్‌కీ అమ్మానాన్నలిద్దరూ ఉండాలని పెద్దవాడు ఎప్పుడూ అడగలేదు. ఆ నియమం పెట్టుకున్నది మేమే.

4. ఇంటి పూటను ముందుగా రాయండి

గంటలు తెలిశాయి, పిల్లల మనసు తెలిసింది. ఇప్పుడు వారాంతంలో ఒక పూట ఎంచుకోండి. రోజంతా అక్కర్లేదు, నాలుగు గంటలు చాలు. మీ పిల్లల మ్యాచ్‌లు ఎక్కువగా ఉదయం పడుతుంటే సాయంత్రం తీసుకోండి. మ్యాచ్‌లు శనివారమైతే ఆదివారం తీసుకోండి. దాన్ని క్యాలెండర్‌లో పెన్నుతో రాయండి. ప్రాక్టీస్‌లు, ఆఫీసు కాల్స్ తర్వాత వచ్చి దాని చుట్టూ సర్దుకోవాలి.

ఆ పూట నిలబడాలంటే మూడు జాగ్రత్తలు. ఒకటి, పెద్ద ప్లాన్లు వేయకండి. ప్రతివారం ఎక్కడికో వెళ్లాలంటే అది ఇంకో డ్యూటీ అయిపోతుంది. మా పూటల్లో సగం ఇంట్లోనే గడుస్తాయి: కలిసి వండుకోవడం, బోర్డ్ గేమ్, ఒక్కోసారి అందరం పడుకుని లేవడం. రెండు, ఆ నాలుగు గంటలూ ఫోన్లు వేరే గదిలో ఉంటాయి, పెద్దవాళ్లవి కూడా. మూడు, ఆ పూటకి ఏదైనా అడ్డొస్తే రద్దు చేయకండి, అదే వారంలో ఇంకో పూటకి జరపండి. ఎక్కడికి జరుపుతున్నామో అప్పుడే రాసేయాలి. "తర్వాత చూద్దాం" అన్న పూట మళ్లీ రాదు, మాకు చాలాసార్లు అనుభవమైంది.

దీనితో పాటు సీజన్ మొదట్లోనే ఒకటి రెండు వారాంతాలు పూర్తిగా కుటుంబానికి పక్కన పెట్టుకోండి. ఊరెళ్లడం, తాతయ్య అమ్మమ్మలతో గడపడం లాంటివాటికి. ఆ తేదీలు మొదటి ప్రాక్టీస్ రోజే కోచ్‌కి చెప్పండి. రెండు నెలల ముందు చెప్తే ఏ కోచ్‌కీ ఇబ్బంది ఉండదు. ఇబ్బందంతా ముందురోజు రాత్రి చెప్పినప్పుడే.

5. చేర్చే ముందు కోచ్‌ని అడగాల్సినవి

ఫారమ్ మీద సంతకం పెట్టేముందు ఇవి తేల్చుకోండి: సీజన్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది? దూరపు గ్రౌండ్లలో మ్యాచ్‌లు ఎన్ని? షెడ్యూల్ ఎన్ని రోజుల ముందు ఇస్తారు? ఒక మ్యాచ్‌కి రాలేకపోతే పిల్లాడి స్థానం ఏమవుతుంది? సెలవుల్లో కూడా ప్రాక్టీస్ తప్పనిసరా? నాలుగోదానికి వచ్చే జవాబును బట్టి ఆ టీమ్ మీ కుటుంబానికి సరిపడుతుందో లేదో దాదాపు తెలిసిపోతుంది.

6. ఆఫీసులో సంజాయిషీ వద్దు, సమయం చెప్పండి

"మా అబ్బాయికి మ్యాచ్ ఉందండీ, ఏమీ అనుకోకండి, ఈ ఒక్కసారికి..." అని నేను ఏళ్ల తరబడి నసిగాను. దానివల్ల అవతలివాళ్లకి అసలు కావాల్సిన విషయం అందదు. నేనెప్పుడు దొరుకుతానన్నదే వాళ్లకి కావాలి. ఇప్పుడు మెసేజ్ ఇలా పెడుతున్నాను: "శనివారం ఉదయం 8 నుంచి 1 వరకు అందుబాటులో ఉండను. 2 తర్వాత చూస్తాను. అత్యవసరమైతే మెసేజ్ కాకుండా ఫోన్ చేయండి." ఆ మెసేజ్ శుక్రవారం మధ్యాహ్నమే వెళ్తుంది. నిజంగా ఫోన్ వచ్చిన వారాలు చాలా తక్కువ.

వారాంతంలో పని తప్పని ఉద్యోగాలు ఉంటాయి. అలాంటప్పుడు పనిని రోజంతా పలచగా పరచకండి. ఒకచోట గట్టిగా కూర్చుని ముగించండి. నాకు ఇల్లంతా నిద్రలో ఉండే ఆరు నుంచి ఎనిమిది వరకు కుదిరింది. మీకు రాత్రి కుదరొచ్చు. ఇంట్లోవాళ్లకి ఆ సమయం చెప్పండి, ముగిసిందని కూడా చెప్పండి. ల్యాప్‌టాప్ తెరిచి వంటింట్లో పెట్టుకుంటే అటు పనీ అవదు, ఇటు ఇంటికీ దక్కం. శుక్రవారం సీటులోంచి లేచేముందు సోమవారం ఉదయం మొదట చేయాల్సిన పని ఒక చీటీ మీద రాసి పెట్టండి. అది రాస్తే శనివారం బుర్రలో తిరగదు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఈ సలహా చాలదు. మీకు సీజన్ షెడ్యూలే ఆయుధం. అది చేతికి రాగానే మీకు తప్పనిసరి అనిపించే మూడు నాలుగు మ్యాచ్‌లు గుర్తు పెట్టుకుని, ఆ రోజుల షిఫ్టులు మార్చుకోమని తోటివాళ్లని వెంటనే అడగండి. బదులుగా వాళ్లకి కావాల్సిన రోజు మీరు ఇవ్వండి. అన్ని మ్యాచ్‌లకీ వెళ్లలేని తల్లిదండ్రులు తక్కువవాళ్లేమీ కాదు. "ఈ నాలుగింటికి వస్తాను" అని ముందే చెప్పి వచ్చారంటే పిల్లలకి అది చాలా పెద్ద విషయం.

7. గురువారం రాత్రి ఇరవై నిమిషాలు

ఆదివారం రాత్రి కూర్చుంటే వారాంతం అప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే గురువారం. భోజనాలయ్యాక అందరం క్యాలెండర్ ముందు కూర్చుంటాం. ఎవరు ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఎవరు తెస్తున్నారు, ఇంటి పూటలో ఏం చేద్దాం, ఏది వదిలేద్దాం. ఈ చివరి ప్రశ్న తప్పనిసరి. ప్రతివారం ఒక్కటైనా వదిలేయదగ్గది కనిపిస్తుంది. ఇంటి పూట ఏం చేయాలో ఒక వారం పెద్దవాడు చెప్తాడు, ఒక వారం చిన్నది.

ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లకి ఈ కూర్చోవడం ఇంకా ముఖ్యం. ఎక్కడ ఇంకో మనిషి సాయం కావాలో రెండు రోజుల ముందే తెలిస్తే అడగడానికి వీలుంటుంది.

8. బ్యాగ్, ప్రయాణం

తొమ్మిదేళ్లు దాటిన పిల్లలు తమ బ్యాగ్ తామే సర్దుకోగలరు. సామాను జాబితా రాసి బ్యాగ్ లోపలివైపు అతికించండి: షూస్, సాక్సులు, షిన్ గార్డులు (మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టుకునేవి), నీళ్ల సీసా, తువ్వాలు, మార్చుకునే బట్టలు. ముందురోజు రాత్రే సర్ది తలుపు దగ్గర పెట్టాలి. ఒకసారి మా వాడు షిన్ గార్డులు మర్చిపోయి మొదటి సగం బయట కూర్చున్నాడు. నాకు గుండె పిండేసినట్టయింది గానీ ఏమీ అనలేదు. మళ్లీ మర్చిపోలేదు.

దగ్గర్లో ఉన్న ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో వంతులు వేసుకుంటే ప్రయాణం గంటలు సగానికి తగ్గుతాయి. సీటు బెల్టులు, వెళ్లే టైమ్, ఆలస్యమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మొదట్లోనే మాట్లాడుకోండి. ఈరోజు తీసుకురావడానికి ఎవరు వస్తారో పిల్లలకి ఉదయమే చెప్పండి. వేరేవాళ్లు వస్తే ఎక్కకూడదని కూడా.

9. గ్రౌండ్ పక్కన, తిరుగు ప్రయాణంలో

వెళ్లిన మ్యాచ్‌కి పూర్తిగా వెళ్లండి. ఫోన్ చూస్తూ చూసిన ఆరు మ్యాచ్‌ల కంటే కళ్లారా చూసిన రెండు మేలు. తిరిగి వచ్చేటప్పుడు ఆట గురించి మనం మొదలుపెట్టకూడదు. "ఆ పాస్ అటు ఇచ్చి ఉంటే" అన్న మాట కోచ్ అప్పటికే చెప్పి ఉంటాడు. ఆకలేస్తోందా అని అడగండి, వాళ్లకి నచ్చిన పాట పెట్టనివ్వండి. మాట్లాడాలనిపిస్తే వాళ్లే మొదలుపెడతారు. మా వాడు ఇంటి సందు తిరిగే దగ్గర మొదలుపెడతాడు. అందుకే ఒక్కోసారి ఇంకో చుట్టు తిప్పి తీసుకొస్తాను.

10. మ్యాచ్, ఇంటి పని రెండూ ఒకే రోజు పడితే

పడతాయి. అప్పుడు మేం ఈ వరసలో చూస్తాం. ముందు ఆరోగ్యం: జ్వరం, నొప్పి, నిద్రలేమి ఉంటే ఆట లేదు. తర్వాత మళ్లీ రాని సందర్భం: దగ్గరివాళ్ల పెళ్లి, తాతయ్య ఎనభయ్యో పుట్టినరోజు లాంటివి. ఆ తర్వాత టీమ్‌కి ఇచ్చిన మాట. మిగతా కారణాలన్నీ దాని వెనకే. బద్ధకంగా ఉందని మ్యాచ్ మాన్పించం, ఎందుకంటే ఇంకో పదిమంది పిల్లలు వాడి మీద ఆధారపడి ఉన్నారు. ఈ వరస ముందే రాసి పెట్టుకున్నాక మా ఇంట్లో శనివారం ఉదయం గొడవలు చాలా తగ్గాయి.

11. సీజన్ అయ్యాక

తర్వాతి సీజన్ ఫారమ్ వస్తే వెంటనే నింపకండి. ఓ వారం ఆగి, మొదట రాసిన గంటల కాగితం తీసి చూడండి. ఈమధ్య ప్రాక్టీస్ రోజు ఉదయాల్లోనే పిల్లలకి కడుపునొప్పి వస్తోందా? నిద్ర తగ్గిందా? చదువు మీద ధ్యాస పోయిందా? చిన్నవాటికి కూడా విసుక్కుంటున్నారా? వీటిలో రెండు మూడు కనిపిస్తే విరామం ఇవ్వండి. మళ్లీ ఆడాలని వాళ్లే అడిగేదాకా ఆగండి.

మధ్యలో మానేయాల్సి వస్తే చెప్పకుండా మాయమవ్వకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి కోచ్‌కి నేరుగా చెప్పించండి. మనం పక్కన నిలబడితే చాలు, మాట వాళ్లదే కావాలి. ఆదివారం కోచింగ్ మానేసిన రోజు మా వాడు వెళ్లి, "సార్, ఆదివారం మా చెల్లితో ఉండాలి" అన్నాడు. సార్ వాడి భుజం తట్టి, మంగళవారం టైమ్‌కి రమ్మని చెప్పి పంపించారు.